నోటి పుండూ, నోటిలోని క్రిములూ

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో స్టేషన్ ఘన్‌పూర్‌లో చేసిన ఉపన్యాసం)



సుబ్బారావుగారి జీవితం మీలో చాలామందికి తెలుసు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి వచ్చారు. 1923లో బోస్టన్ చేరి, మళ్ళీ ఈ నేల మీద అడుగు పెట్టకుండానే 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకు, అమెరికాలో కన్నుమూశారు. ఆ కథంతా నేను మళ్ళీ చెప్పను. ఆయన పనిలో ఒక ముడి ఉంది. ఇవాళ్టి విషయం ఆ ముడిలోంచే వస్తుంది.

ఆయన అన్నగారిని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. అందులో తిన్నది ఒంటబట్టదు, నాలుక పొక్కుతుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్ళముందే ఎండిపోతాడు. ఆ జబ్బులో పేగుల్లోని బ్యాక్టీరియా పాత్ర కూడా ఉందని తరవాతి డాక్టర్లు గుర్తించారు. ఇవాళ్టికీ దానికి ఇచ్చే మందులు ముఖ్యంగా రెండు: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. ఫోలిక్ యాసిడ్‌ను అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో సుబ్బారావుగారి బృందమే తయారు చేసింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన పరిశోధనలను నడిపిస్తున్న కాలంలో అదే ల్యాబ్‌లో వచ్చింది. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ దాన్ని తీశారు. ఇక ఫోలిక్ యాసిడ్‌ను పట్టుకోవడానికి కొలబద్దగా నిలిచిందీ సూక్ష్మజీవే. కాలేయం సారాన్ని లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియాకు మేతగా పెట్టి, అది ఎంత పెరిగితే ఆ పదార్థం అంత ఉన్నట్టు లెక్కకట్టేవారు. అదే ఫోలిక్ యాసిడ్ అణువును కొంచెం మార్చితే అమినోప్టెరిన్ వచ్చింది, ఆ వెంటే మెథోట్రెక్సేట్ వచ్చింది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ ఇస్తే, రక్త క్యాన్సర్‌తో చావుకు దగ్గరైన పిల్లల్లో కొందరు కొన్నాళ్ళు లేచి తిరిగారు.

సూక్ష్మజీవులూ క్యాన్సరూ ఒకే మనిషి బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. వాటి మధ్య సంబంధం ఎంత లోతైనదో ఆయన కాలానికి ఇంకా బయటపడలేదు. ఇప్పుడు కొంత తెలుస్తోంది. ఆ తెలిసిన కొంతలో మన ప్రాంతానికి బాగా దగ్గరైనది నోటి క్యాన్సర్.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాది పెదవి, నోటి క్యాన్సర్ కొత్తగా వచ్చినవాళ్ళు 1,43,000 మందికి పైనే. చనిపోయినవాళ్ళు దాదాపు 80,000 మంది. మన మగవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. ప్రపంచంలో చాలా దేశాల్లో ఈ స్థానం ఊపిరితిత్తులదో ప్రోస్టేట్‌దో అవుతుంది, మన దగ్గర నోటిది అయింది. దీనికి నాలుక మొదలు, టాన్సిళ్ళు, గొంతు, స్వరపేటిక క్యాన్సర్లు కూడా కలిపితే తల, మెడ క్యాన్సర్లు అంటాం.

ఎందుకు వస్తుందో మీకు చెప్పాల్సిన పని లేదు. స్టేషన్ బయటికొస్తే పాన్ డబ్బా కనబడుతుంది. నాట్లకు పోయే అవ్వ బొడ్లో తంబాకు, సున్నం డబ్బీ ఉంటాయి. గుట్కాను నిషేధించి పదేళ్ళు దాటినా పొట్లం దొరకని ఊరు లేదు. వక్కలో తంబాకు కలవకపోయినా అది క్యాన్సర్ కారకమేనని అదే అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ ఇరవై ఏళ్ళ కిందటే తేల్చింది. 'తంబాకు మానేశాను డాక్టరుగారూ, ఉత్త వక్కే' అని ఊరట పడేవాళ్ళకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. వక్క వల్ల దవడ లోపలి పొర బిగుసుకుపోయి, నోరు రెండు వేళ్ళంత కూడా తెరుచుకోని స్థితి వస్తుంది. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళలో ఇప్పుడు చూస్తున్నాం.

అలవాటుకూ క్యాన్సర్‌కూ ఉన్న ముడిని ప్రపంచానికి చూపించిన పాత పరిశోధనల్లో తెలుగు నేల మీద జరిగినవి ఉన్నాయి. ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అలా తాగేవారికి అంగిట్లో క్యాన్సర్ వస్తోందని 1945లోనే ఖనోల్కర్, సూర్యాబాయి రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం ఉత్తరాంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్ళు చూసి అంగిటి మచ్చల లెక్క తీసింది. ఆ తరవాత శ్రీకాకుళంతోపాటు ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారి దగ్గరికి పదే పదే వెళ్ళి మానమని చెప్పారు. మానినవాళ్ళలో క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్ల మచ్చలు తగ్గాయి. మందు లేదు, కత్తి లేదు, మాటతోనే తగ్గాయి.

అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. ఒకే ఇంట్లో ఒకే పొట్లం నమిలే ఇద్దరిలో ఒకరికే పుండు ఎందుకు వస్తుంది? వంశం, తిండి, తాగుడు, వయసు అన్నీ కారణాలే. వాటితోపాటు నోట్లో ఎవరెవరు కాపురం ఉంటున్నారన్నది కూడా ఒక కారణమని ఈ ఇరవై ఏళ్ళ పరిశోధన చెబుతోంది.

1683లో డచ్చి దేశస్తుడు లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిని గీకి, తాను చేసుకున్న భూతద్దం కింద పెట్టి, అందులో కదులుతున్న ప్రాణులను చూసి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఇప్పుడు మనిషి నోట్లో ఉండగలిగే బ్యాక్టీరియా జాతులు 700కు పైగా లెక్క తేలాయి. ఒక మిల్లీలీటరు లాలాజలంలో సుమారు పది కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. ఫంగస్‌లు, వైరస్‌లు వేరే. భయపడాల్సిన పని లేదు. వీటిలో ఎక్కువ భాగం మనకు మేలు చేసేవి, లేదా ఏ హానీ చేయనివి. నోరు శుభ్రంగా ఉన్నంతకాలం వాటిలో అవి ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి.

మనది తాళ్ళున్న ప్రాంతం కాబట్టి ఇలా చెబుతాను. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, మాపటికి ఘాటెక్కుతుంది. చెట్టు అదే, రసం అదే. లొట్టిలో ఉన్న ఈస్టు, బ్యాక్టీరియా గంటగంటకూ దాన్ని ఇంకోటిగా మారుస్తాయి. నోరు కూడా అలాంటి లొట్టే. మనం అందులో ఏది పోస్తే దాన్ని అక్కడి క్రిములు మారుస్తాయి.

సారా పోస్తే ఏమవుతుంది? ఆల్కహాల్‌ను శరీరం మొదట ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. డీఎన్‌ఏను నేరుగా దెబ్బతీసే విషం అది. ఈ మార్పు కాలేయంలో జరుగుతుందని మనం పుస్తకాల్లో చదువుకున్నాం. నిజానికి మొదటి గుక్క దగ్గరే, నోట్లోనే మొదలవుతుంది. నైసేరియా జాతి బ్యాక్టీరియా, కాండిడా ఫంగస్ ఆల్కహాల్‌ను ఎసిటాల్డిహైడ్ చేస్తాయి. అందుకే తాగినవాడి లాలాజలంలో ఆ విషం రక్తంలోకన్నా పదుల రెట్లు ఎక్కువగా దొరుకుతుంది. పళ్ళు సరిగ్గా తోముకోనివాళ్ళలో ఇంకా ఎక్కువ. ఆల్కహాల్‌తో వచ్చే ఈ ఎసిటాల్డిహైడ్‌ను 2009లో అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. తాగుడూ తంబాకూ రెండూ ఉన్నవాళ్ళకు ముప్పు రెండింటి మొత్తం కన్నా ఎందుకు పెద్దదవుతుందో దీంతో కొంత అర్థమవుతుంది.

తంబాకు సంగతి ఇంకా విచిత్రం. ఆకులో నైట్రేట్ సహజంగానే ఉంటుంది. ఆకు కోసి, ఆరబెట్టి, మాగబెట్టి, పొట్లం కట్టేలోపు దాని మీది బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది. అది నికోటిన్‌తోనూ, ఆకులోని అలాంటి ఇతర పదార్థాలతోనూ కలిసి నైట్రోసమైన్లు తయారవుతాయి. తంబాకు నమిలేవారికి క్యాన్సర్ తెచ్చే విషాల్లో ముందు వరుస వీటిదే. పొట్లంలో మొదలైన ఈ పనిని నోట్లోని బ్యాక్టీరియా కూడా చేయగలదు. దవడకు గంటల తరబడి నొక్కిపెట్టిన ముద్ద చుట్టూ ఏం జరుగుతుందో ఊహించండి. స్వీడన్‌లో స్నస్ అనే నోటి పొగాకును ఆవిరితో వేడిచేసి బ్యాక్టీరియాను చంపుతారు, అందువల్ల అందులో నైట్రోసమైన్లు తక్కువ. అంతమాత్రాన అది మంచిదని కాదు, వ్యసనం వ్యసనమే. క్రిమి తీసేస్తే విషం తగ్గిందన్న రుజువు కోసం చెప్పాను.

మూడోది చిగుళ్ళు. మన దగ్గర చిగుళ్ళ నుంచి రక్తం వస్తే జబ్బు అనుకోరు. పళ్ళకు గార పేరుకుని, చిగురు వాచి, పళ్ళు ఊగి రాలిపోవడం వయసుతో వచ్చేదే అనుకుంటారు. ఆ గార కింద గాలి చొరబడని చోట వేరే రకం క్రిములు చేరతాయి. వాటిలో రెండింటి పేర్లు గుర్తుపెట్టుకోండి: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటం. మొదటిది చిగుళ్ళ కణాలు చావాల్సిన సమయంలో చావకుండా అడ్డుపడుతుంది, వాపూ మంటా ఆరకుండా రగిలిస్తూ ఉంటుంది. రెండోది మన రక్షణ కణాలను అంటిపెట్టుకుని, క్యాన్సర్ కణాన్ని చంపే పని ఆపించగలదు. దీన్ని 2012లో పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లో కనుగొన్నారు. నోట్లో ఉండేది అంత దూరం వెళ్ళిందంటే అందరూ ఉలిక్కిపడ్డారు. 2022లో అమెరికాలోని సియాటిల్ శాస్త్రవేత్తలు నోటి క్యాన్సర్ గడ్డను కోసి చూస్తే, బ్యాక్టీరియా గడ్డంతా చెల్లాచెదరుగా లేదు. రక్తనాళాలు తక్కువగా ఉండి, రక్షణ కణాలు నీరసించిన చోట్లనే ఎంచుకుని ఉంది.

ఇక్కడ ఎవరైనా అడగాల్సిన ప్రశ్న: క్రిములు ముందు చేరి క్యాన్సర్ తెచ్చాయా, పుండు కుళ్ళుతున్న చోట తిండి దొరికి తరవాత చేరాయా? పుండు వచ్చాక తీసిన నమూనాతో దీనికి జవాబు రాదు. 2024 సెప్టెంబరులో న్యూయార్క్ విశ్వవిద్యాలయం వారు ప్రచురించిన అధ్యయనం విలువ అక్కడే ఉంది. అప్పటికి ఈ క్యాన్సర్ లేని 1,59,840 మంది ఏళ్ళ కిందట నోరు పుక్కిలించి ఇచ్చిన నీళ్ళు భద్రంగా ఉన్నాయి. ఆ తరవాత వారిలో 236 మందికి తల, మెడ క్యాన్సర్ వచ్చింది. వారి పాత నమూనాలను, రానివారి నమూనాలతో పోల్చారు. పొగ, మందు, వయసు లెక్కలు తీసేశాక కూడా 13 జాతుల బ్యాక్టీరియా ఉన్నవారికి ముప్పు 30 శాతం ఎక్కువ. చిగుళ్ళ జబ్బుతో ముడిపడిన మరో ఐదు జాతులు కలిస్తే 50 శాతం ఎక్కువ. అంటే ఈ మార్పు క్యాన్సర్ కన్నా ముందే ఉంది. కారణం అదేనని ఇంకా రుజువు కాలేదు. అనుమానం మాత్రం గట్టిపడింది.

మన దేశంలో ఇలాంటి పరిశోధన ముంబై టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన ఖార్‌ఘర్ పరిశోధనాలయంలో అమిత్ దత్ బృందం చేసింది. మొదటి దశలో ఉన్న నాలుక క్యాన్సర్లలో, హెచ్‌పీవీ అనే వైరస్ లేనివాటిలో, ఫ్యూసోబాక్టీరియం ఉంటే వాపు ఎక్కువ, రోగి బతికే కాలం తక్కువ అని 2022లో వెల్లడించింది. రెండేళ్ళకు లండన్‌లోని కింగ్స్ కాలేజీ వారు దాదాపు తలకిందులైన మాట చెప్పారు. వారు చూసిన తల, మెడ క్యాన్సర్లలో ఫ్యూసోబాక్టీరియం ఉన్న రోగులే బాగా బతికారు. ల్యాబ్‌లో ఆ బ్యాక్టీరియాను క్యాన్సర్ కణాలకు చేర్చితే 70 నుంచి 99 శాతం దాకా కణాలు చచ్చిపోయాయి.

ఈ వైరుధ్యాన్ని దాచిపెట్టకూడదు. మనలో చాలామందికి సైన్సు అంటే ఒక్క జవాబు. ఇక్కడ ఒకే క్రిమి పేగులో ఒకలా, నాలుకలో ఒకలా, తంబాకు నమిలే భారతీయుడి నోట్లో ఒకలా, లండన్ రోగి గొంతులో ఒకలా పనిచేస్తుండవచ్చు. ఈ రంగంలో తొందరపాటుకు మూల్యం కూడా చెల్లించారు. ముప్పైకి పైగా క్యాన్సర్లలో ఒక్కోదానికి ఒక్కో క్రిముల ముద్ర ఉందని 2020లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రసిద్ధ వ్యాసంలో, మనిషి డీఎన్‌ఏనే బ్యాక్టీరియా డీఎన్‌ఏగా పొరబడినట్టు తరవాత తేలింది. 2024 జూన్‌లో ఆ పత్రిక వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. అందుకే రేపు ఎవరైనా మీకు నోటి క్యాన్సర్ రాకుండా ఆపే 'మంచి బ్యాక్టీరియా' గోళీలు అమ్మజూపితే కొనకండి. అలాంటి గోళీ ఏదీ ఇంతవరకు రుజువు కాలేదు.

బ్యాక్టీరియా విషయంలో ఇంకా తేలాల్సింది ఉంది కానీ, వైరస్ విషయంలో తేలిపోయింది. హ్యూమన్ పాపిలోమా వైరస్, హెచ్‌పీవీ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమని చూపించిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. అదే వైరస్‌లో 16వ రకం టాన్సిళ్ళ దగ్గర, నాలుక మొదట్లో కూడా క్యాన్సర్ తెస్తుంది. అమెరికాలో ఆ ప్రాంతపు క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి హెచ్‌పీవీయే కారణం. మన దగ్గర తంబాకు వాటా పెద్దది కాబట్టి వైరస్ వాటా అంత లేదు. దవడ, చిగుళ్ళ క్యాన్సర్లలో దాని పాత్ర చాలా తక్కువ. కానీ తంబాకు ముట్టని మనిషికి కూడా గొంతు క్యాన్సర్ రావచ్చని, దానికి టీకా ఉందని తెలియాలి. కోస్టారికాలో టీకా వేసుకున్న ఆడవాళ్ళ నోళ్ళలో నాలుగేళ్ళ తరవాత ఈ వైరస్ 93 శాతం తక్కువగా దొరికింది. 2020లో అమెరికా ఔషధ సంస్థ ఈ వైరస్ టీకాల్లో ఒకదాన్ని తల, మెడ క్యాన్సర్ల నివారణకు కూడా అనుమతించింది.

ఈ టీకా మాట ఎత్తితే మన పక్క జిల్లా గుర్తుకురావాలి. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి, ఐసీఎంఆర్, పాత్ అనే అమెరికా సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఈ టీకా వేయించాయి. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. తల్లిదండ్రులు పెట్టాల్సిన అంగీకార సంతకాలు ఎన్నో హాస్టల్ వార్డెన్లు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. ఆ తేలిన మాట ఆ తల్లుల దాకా సరిగ్గా చేరలేదు. అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది, సరిగ్గానే తప్పుపట్టింది. పేదవాడి బిడ్డ చేయి పట్టుకుని సూది గుచ్చేముందు ఆ బిడ్డ తల్లికి అర్థమయ్యేలా చెప్పి తీరాలి. అది మర్యాద కోసం కాదు, వైద్యంలో భాగంగానే.

2010లో టీకాను ఆపమనడంతో ఇంకో పని కూడా మధ్యలో ఆగిపోయింది. ఈ టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి దేశంలో కొన్ని చోట్ల అప్పట్లో పెద్ద అధ్యయనం నడుస్తూ ఉండేది. అందులో ఒక కేంద్రం హైదరాబాద్ పక్కన మేడ్చల్ దగ్గరి ఘన్‌పూర్‌లోని మెడిసిటీ. మన ఘన్‌పూర్ కాదు, పేరు ఒకటే. ఆపమనేసరికి 4,900 మందికి పైగా ఆడపిల్లలకు ఒక్క డోసే పడింది. శాస్త్రవేత్తలు వారిని వదిలిపెట్టకుండా ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చారు. ఒక్క డోసు కూడా 16, 18 రకాల వైరస్ తిష్ఠ వేయకుండా 95 శాతం దాకా కాపాడుతోందని 2021లో తేలింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలని అంగీకరించడానికి ఆధారాల్లో ఇది ఒకటి. 2023 జనవరిలో పుణె సీరం సంస్థ మన దేశపు టీకా సెర్వావాక్‌ను విడుదల చేసింది. మన ఆడపిల్లల చేతుల మీదుగా ప్రపంచమంతటి ఆడపిల్లలకు ఖర్చు తగ్గింది. ఖమ్మంలో పోయిన నమ్మకాన్ని తిరిగి కట్టాల్సింది ఇంటింటికీ వెళ్ళే మీరే, ఆశా అక్కలే. మీ మాట వింటారు, పోస్టరు మాట వినరు.

ఇక జబ్బు వచ్చినవారి సంగతి. క్రిముల పాత్ర అక్కడ ఆగదు, పెరుగుతుంది. రేడియేషన్ ఇచ్చినప్పుడు లాలాజల గ్రంథులు దెబ్బతింటాయి, నోరు ఎండిపోతుంది. లాలాజలం తగ్గగానే కాండిడా ఫంగస్ తెల్లగా పరుచుకుంటుంది, పళ్ళు గబగబా పుచ్చిపోతాయి, నోరంతా పూస్తుంది. మెతుకు మింగలేక చికిత్స మధ్యలో ఆపేసి ఇంటికొచ్చేసేవాళ్ళు ఉన్నారు. హైదరాబాద్ ఎంఎన్‌జే లాంటి దవాఖానకు పోయి రేడియేషన్ మొదలుపెట్టేముందు పళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి. తీయాల్సిన పళ్ళు అప్పుడే తీయించుకోవాలి. తరవాత తీస్తే దవడ ఎముక మానక కుళ్ళే ప్రమాదం ఉంది. చికిత్స జరిగినన్నాళ్ళూ ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో రోజుకు ఎన్నోసార్లు పుక్కిలించాలి. ఖర్చు లేని పని ఇది, చికిత్స పూర్తి చేసుకోవడానికి ఎంతో ఆసరా.

శస్త్రచికిత్స దాటిపోయిన రోగులకు మన దేశం ఒక దారి కనిపెట్టింది. అందులో సుబ్బారావుగారు ఉన్నారు. టాటా మెమోరియల్‌లో 422 మంది మీద జరిపిన అధ్యయనంలో, వారానికోసారి మింగే మెథోట్రెక్సేట్ మాత్రలు, వాపు తగ్గించే సెలెకాక్సిబ్ మాత్రలు కలిపి ఇస్తే, రక్తనాళంలోకి ఎక్కించే సిస్‌ప్లాటిన్ కన్నా కొంచెం ఎక్కువ కాలమే బతికారని 2020లో తేలింది: 6.1 నెలలకు బదులు 7.5 నెలలు. తేడా చిన్నదే. కానీ మందు చవక, ఇంట్లో ఉండి మింగవచ్చు, దవాఖాన వరండాల్లో పడుకోనక్కర్లేదు. రెండేళ్ళకు అదే మాత్రలకు ఎర్లోటినిబ్ అనే మాత్రను కలిపి, వాటికి అతి తక్కువ మోతాదులో నివోలుమాబ్ అనే మందును జోడిస్తే, ఏడాది దాటి బతికినవారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. లెడర్లీ ల్యాబ్ ఉన్న పెర్ల్ రివర్‌లో ఎనభై ఏళ్ళ కిందట మొదలైన పని ముంబైలో పేద రోగి అరచేతిలో మాత్ర అయింది. మనం సుబ్బారావుగారికి కట్టే విగ్రహాల కన్నా ఇది పెద్ద గౌరవం అని నా నమ్మకం.

ఒక భయాన్ని ఇక్కడే తీసేయాలి. క్రిములకు పాత్ర ఉందనగానే నోటి క్యాన్సర్ అంటుకుంటుందని అనుకునేవాళ్ళు ఉంటారు. ఇప్పటికే కొన్ని ఇళ్ళలో రోగికి గ్లాసూ కంచం వేరు పెడుతున్నారు, మనవళ్ళను దగ్గరికి రానివ్వడం లేదు. ఈ క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే చెంబు నీళ్ళు తాగితే రాదు, పక్కన కూర్చుంటే రాదు. ఆ క్రిములు అందరి నోళ్ళలోనూ ఎంతో కొంత ఉన్నవే. తంబాకు, వక్క, సారా వాటికి ముడిసరుకు. ఆ ముడిసరుకు ఆపితే చాలావరకు వాటి పనీ ఆగుతుంది. సూక్ష్మజీవుల సంగతి తెలిశాక తంబాకు మీద మన పోరాటం ఇంకా బలపడాలి. 'నాది మంచి నోరు, నాకేం కాదు' అనుకోవడానికి ఎవరికీ వీలు లేదు.

ఆర్‌ఎంపీ డాక్టర్లు కూడా ఈ సభలో ఉన్నారు. వారికి ఒక విన్నపం. నోట్లో పుండు కనబడగానే యాంటీబయాటిక్ ఇస్తారు. ఒక కోర్సుకు మానకపోతే ఇంకోటి, తరవాత బి-కాంప్లెక్స్, ఆపై పూతమందు. ఇలా మూడు నెలలు పోతాయి. ఆ మూడు నెలల్లో పుండు మెడ గడ్డల దాకా పోతుంది. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గొంతు బొంగురు, మెడలో నొప్పి లేని గడ్డ, నోరు తెరుచుకోకపోవడం: వీటిలో ఏది ఉన్నా మందు రాయకుండా ముక్క పరీక్షకు పంపండి. మీరు పంపిన ఒక్క చీటీ మీరు ఇచ్చే పది ఇంజెక్షన్ల కన్నా విలువైంది.

ఆశా కార్యకర్తలతో చివరి మాట. తిరువనంతపురం జిల్లాలో మీలాంటి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, టార్చి వేసి నోళ్ళు చూశారు. పొగాకు, మద్యం వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. మన జాతీయ కార్యక్రమంలోనూ 30 ఏళ్ళు దాటినవారి నోరు ఐదేళ్ళకోసారి చూడాలని ఉంది. బీపీ, షుగరు చూసేటప్పుడు ఇంకో నిమిషం తీసుకోండి. కట్టుడు పళ్ళు ఉంటే తీయమనండి. దవడ లోపల రెండు వైపులా, నాలుక కింద, నాలుక అంచులు, అంగిలి చూడండి. తంబాకు నమిలే అవ్వ సిగ్గుపడి నోరు తెరవదు. అవ్వా ఒక్కసారి చూడనీ అని బతిమాలైనా చూడండి. చిగుళ్ళు వాచి గార పేరుకున్నవాళ్ళను పళ్ళ డాక్టరు దగ్గరికి పంపండి. ఈ సభకు వచ్చిన ప్రతి ఒక్కరూ ఇవాళ ఇంటికి వెళ్ళాక, ఇంట్లో తంబాకో వక్కో నమిలేవారిని వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించి చూడండి. అనుమానం ఉంటే రేపు పొద్దున్నే సర్కారు దవాఖానకు తీసుకురండి.